మబ్బు కడుపులో మంచు రాపిడి

మెరుపు ఒక్క పెట్టున వెలిగి ఆరిపోదు, వణుకుతుంది. ఏప్రిల్ నెలాఖరులో, మధ్యాహ్నమంతా ఉడికిపోయిన ఊరి మీదికి సాయంత్రం నాలుగింటికి మబ్బు కమ్ముకొచ్చినప్పుడు కిటికీ దగ్గర నిలబడి చూస్తే ఈ సంగతి ఎవరికైనా తెలుస్తుంది. అదే గీత, అవే వంపులు, అవే కొమ్మలు. కాని ఆ గీత రెండు మూడుసార్లు మినుకుమని, ఆ తర్వాతే మాయమవుతుంది. అది కంటి దోషమా? రెప్పపాటులో కలిగిన భ్రమా? లేక మెరుపు నిజంగానే ఒకే దారిలో మళ్లీ మళ్లీ వస్తోందా? చిన్న అనుమానమే. దాన్ని పట్టుకుని బయల్దేరితే మాత్రం చాలా దూరం పోవాల్సి వస్తుంది, పోయిన కొద్దీ ఒక విచిత్రమూ కనబడుతుంది. పిడుగు నేలను తాకే చోట ఏం జరుగుతుందో శాస్త్రానికి చాలావరకు తెలుసు. అక్కణ్ణించి పైకి, మబ్బు వైపు జరిగిన కొద్దీ ఆ తెలివిడి పలచబడుతుంది. అసలు తొలి నిప్పురవ్వ ఎలా రాజుకుంటుందన్న ప్రశ్న దగ్గర శాస్త్రజ్ఞులు ఇంకా వాదులాడుకుంటూనే ఉన్నారు.

మబ్బూ మబ్బూ రాసుకుంటే మెరుపు పుడుతుందని చిన్న తరగతుల్లో చెప్పుకునే మాట ఒకటుంది. అందులో రాపిడి నిజమే, చోటు మాత్రం తప్పు. ఆ రాపిడి జరిగేది ఒకే మబ్బు కడుపులో. పైగా అన్ని మబ్బులకూ ఆ యోగం లేదు. శ్రావణమాసంలో రోజుల తరబడి ముసురు పట్టే బూడిదరంగు మబ్బు ఎంత తడిపినా సాధారణంగా మెరవదు. మెరిసేది నిలువునా పెరిగే మబ్బు. వాతావరణ కేంద్రం ప్రకటనల పుణ్యమా అని ఇప్పుడు పత్రిక చదివే ప్రతివాళ్లకూ పరిచయమైన క్యుములోనింబస్ అదే. ఎండకు కాగిన నేలను తాకిన గాలి వేడెక్కి తేలికవుతుంది. బంగాళాఖాతం నుంచి వచ్చిన తేమ అందులో ఉంటుంది. పైన గాలి తగినంత చల్లగా ఉంటే ఈ వేడిగాలి ఎక్కడా ఆగకుండా ఎగబాకుతుంది. ఎక్కిన కొద్దీ చల్లబడి, తేమ కాస్తా బిందువులుగా మారుతుంది. ఆవిరి నీరయ్యేటప్పుడు విడిచే వేడి ఆ గాలికి ఇంకా ఊపునిస్తుంది. సెకనుకు పది, ఇరవై మీటర్ల వేగంతో గాలి నిట్టనిలువుగా లేచే చోట మబ్బు తల 12 కిలోమీటర్లు దాటుతుంది, ఒక్కోసారి 16 కిలోమీటర్ల దాకా పోతుంది. తెలుగునాట ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు పడిపోయే ఎత్తు ఇంచుమించు 5 కిలోమీటర్లు. అంటే కింద రోళ్లు పగిలే ఎండ కాసిన రోజున కూడా ఆ మబ్బులో సగానికి పైగా మంచులోకమే. పిడుగు పుట్టుక అక్కడే మొదలవుతుంది.

సున్నా దాటిన వెంటనే నీరంతా గడ్డకడుతుందనుకోవడం సహజం. మబ్బులో అలా జరగదు. చిన్న నీటి బిందువు మంచుగా మారాలంటే పట్టుకోవడానికి దానికి తగిన ధూళికణం ఏదో దొరకాలి. దొరకని బిందువులు మైనస్ 10, మైనస్ 20 డిగ్రీల చలిలో కూడా నీరుగానే తచ్చాడుతూ ఉంటాయి. అలాంటి బిందువు ఒక మంచు ముక్కకు తగిలిందా, తగిలిన చోటే ఠక్కున గడ్డకట్టి అతుక్కుపోతుంది. ఇలా ఒకదాని మీద ఒకటి పేరుకుని కొన్ని మిల్లీమీటర్ల తెల్లని గుళిక తయారవుతుంది. వడగల్లుకు అది తొలి రూపం, కాని వడగల్లంత గట్టిది కాదు, వేళ్ల మధ్య నలిపితే పొడైపోతుంది. భూతద్దంలో చూస్తే దాని ఒళ్లంతా గడ్డకట్టిన బిందువుల బొడిపెలే. అదే మబ్బులో దానికి తోడుగా మంచు స్ఫటికాలుంటాయి. ఇవి ఆరు మూలల సన్నని పలకలు, బరువన్నది లేనట్టు ఉంటాయి. స్ఫటికాన్ని గాలి పైకి ఎత్తుకుపోతుంది, గుళిక తన బరువుకు కిందికి దిగుతుంది. ఎక్కేది దిగేదాన్ని ఢీకొంటుంది. స్ఫటికం గుళికను తాకి అవతలికి తుళ్లిపోయే ఆ కాస్త వ్యవధిలో కొన్ని వేలో, లక్షలో ఎలక్ట్రాన్ల పాటి విద్యుదావేశం చేతులు మారుతుంది. బాగా చల్లగా ఉన్న చోట, అంటే సుమారు మైనస్ 15 డిగ్రీలు, అంతకన్నా తక్కువ ఉన్నచోట, గుళికకు రుణావేశం అంటుతుంది, స్ఫటికం ధనావేశంతో పోతుంది.

రెండూ మంచే అయినప్పుడు ఒకదానికి రుణం, మరొకదానికి ధనం ఎందుకు రావాలి? ఈ ప్రశ్న కనిపించినంత అమాయకమైనది కాదు. జపాన్ శాస్త్రజ్ఞుడు త్సుతోము తకహాషి ప్రయోగశాలలోనే చల్లని మబ్బును తయారుచేసి, గుళికల మీద స్ఫటికాలను కొట్టించి చూశాడు. 1978లో వెలువడిన ఆ ఫలితాల్లో తిరకాసు ఒకటి బయటపడింది. ఉష్ణోగ్రత, మబ్బులోని నీటి పాలు మారితే గుళికకు అంటే ఆవేశం గుర్తే తారుమారవుతుంది. కాస్త వెచ్చని పొరల్లో అదే గుళిక ధనావేశం తెచ్చుకుంటుంది. ఢీకొన్న రెంటిలో ఏ ఉపరితలం ఎక్కువ వేగంగా ఆవిరిని పట్టుకుని పెరుగుతోందో దానికి ధనావేశం వస్తుందని తర్వాత ఒక వివరణ వచ్చింది. మంచు మీద పూర్తిగా నీరూ కాని, పూర్తిగా మంచూ కాని అతి పలచని పొర ఒకటుంటుందని, తాకిడిలో ఆ పొర కొంత అటు నుంచి ఇటు మారుతుందని, దానితోపాటే ఆవేశమూ మారుతుందని ఆ వివరణ సారాంశం. బాగానే ఉంది కాని, అణువుల స్థాయిలో జరిగేది ఇదేనని బల్లగుద్ది చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

ఆవేశాలు పుడితే చాలదు, విడిపోవాలి కూడా. కళ్లంలో తూర్పారబట్టినప్పుడు గింజ కాళ్ల దగ్గర కుప్పపడి పొట్టు గాలివాటున పోయినట్టే, బరువైన గుళికలు రుణావేశంతో మబ్బు నడిమికి దిగుతాయి, తేలికైన స్ఫటికాలు ధనావేశంతో మబ్బు తలకు చేరతాయి. లక్షల కోట్ల తాకిళ్లు, ఒక్కో తాకిడికి లెక్కలోకి రానంత ఆవేశం. ఆ చిల్లరంతా కూడి, మబ్బు ఎదగడం మొదలైన అరగంట అటూ ఇటూగా తొలి మెరుపుకు సరిపడా పోగవుతుంది. పిడుగంటే అరక్షణంలో జరిగే పని అన్నది చూసేవాళ్ల లెక్క. అసలు పని ఆ అరగంటలో, ఎవరి కంటా పడకుండా, చప్పుడు లేకుండా జరిగిపోతుంది. కనబడేది దాని చివరి ఘట్టం.

మబ్బులో ఏ ఆవేశం ఎక్కడుందో తేల్చడం ఇప్పుడు తేలిగ్గా కనబడుతుంది కాని, దాని మీద పెద్ద తగవే నడిచింది. దాని తొలి అంకం సిమ్లాలో. జార్జ్ సింప్సన్ అనే ఆంగ్లేయుడు భారత వాతావరణ శాఖలో పనిచేస్తూ, 1908 వానాకాలంలో కురిసే వాన తనతో తెచ్చే విద్యుదావేశాన్ని కొలవడం మొదలుపెట్టాడు. ఎక్కువ వాన ధనావేశంతో పడుతున్నట్టు తేలింది. పెద్ద చినుకులు గాలి ఊపుకు చితికినప్పుడు ఆవేశం పుడుతుందని, కాబట్టి మబ్బు అడుగున ధనం, పైన రుణం ఉండాలని ఆయన తీర్మానించాడు. కేంబ్రిడ్జ్‌లో ఉన్న సి.టి.ఆర్. విల్సన్ దారి వేరు. మెరుపు మెరిసిన ప్రతిసారీ కింద నేల దగ్గర విద్యుత్ క్షేత్రం ఎటు గెంతుతోందో కొలిచి, సరిగ్గా తిరగేసి చెప్పాడు: ధనం పైన, రుణం కింద. ఇద్దరూ గట్టివాళ్లే. సింప్సన్ తర్వాత బ్రిటన్ వాతావరణ శాఖకే అధిపతి అయ్యాడు, విల్సన్‌కు మేఘపేటిక అనే పరికరాన్ని కనిపెట్టినందుకు 1927లో నోబెల్ వచ్చింది. తగవు ఏళ్ల తరబడి సాగింది. చివరికి సింప్సనే స్క్రేస్ అనే సహచరుడితో కలిసి, లండన్ శివార్లలోని క్యూ అబ్జర్వేటరీ నుంచి ఉరుముల మబ్బుల్లోకి బెలూన్లు పంపాడు. వాటిలో రసాయనం పట్టించిన కాగితపు బిళ్ల గడియారపు యంత్రంతో తిరుగుతూ ఉంటుంది. విద్యుత్తు ఎటు పారుతోందో దాన్నిబట్టి ఆ కాగితం మీద మరక పడుతుంది. బెలూను పగిలి కింద పడ్డాక ఎవరికైనా దొరికి తిరిగి పంపిస్తేనే ఫలితం. 1937లో అచ్చయిన ఆ మరకల లెక్క విల్సన్‌నే సమర్థించింది. పైన ధనం, దాని కింద రుణం. అయితే మబ్బు అట్టడుగున, వాన కురిసే చోట, చిన్న ధనావేశపు తునక కూడా ఉంది. సిమ్లాలో చినుకులు మోసుకొచ్చింది దాన్నేనని అనుకుంటే ఇద్దరి కొలతలూ నిలబడతాయి. ఓడిపోయిన వాదం ఎవరిదో ఆ వాదాన్ని ఓడించిన కొలతా వాళ్లదే కావడం శాస్త్ర చరిత్రలో తరచుగా కనబడే దృశ్యం కాదు.

విల్సన్ చెప్పి ఊరుకున్న మాటలు ఇంకా కొన్ని ఉన్నాయి, అన్నీ ఆలస్యంగా పండాయి. ఉరుముల మబ్బుల పైన, ఆకాశం అంచున కూడా మెరుపులుండాలని 1925లోనే రాశాడు. 1989లో అమెరికాలోని మిన్నెసోటాలో, మరేదో పనికి పెట్టిన కెమెరాలో అవి అనుకోకుండా పడ్డాయి. పెద్ద మబ్బులో వోల్టేజి వంద కోట్ల స్థాయికి చేరుతుందన్నాడు. దీన్ని కొలవడమెలా? బెలూనైనా విమానమైనా మబ్బులో ఒక్క గీత వెంట పోగలదు, మబ్బు మొత్తాన్ని ఒకేసారి తాకలేదు. దీనికి దారి ఊటీలో దొరికింది. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ అక్కడ నడిపే గ్రేప్స్-3 ప్రయోగశాల ఉన్నది అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల కోసం. ఆ కిరణాలు వాతావరణాన్ని గుద్దినప్పుడు పుట్టే మ్యూయాన్లనే కణాలు పగలూ రాత్రీ అక్కడి పరికరాల గుండా రాలుతూ ఉంటాయి. మధ్యలో ఆవేశం నిండిన మబ్బు అడ్డొస్తే వాటి లెక్క మారుతుంది. 2014 డిసెంబర్ 1న ఒక గాలివాన వేళ ఆ లెక్క దాదాపు 2 శాతం తగ్గింది. అంత తగ్గాలంటే మబ్బులో ఎంత వోల్టేజి ఉండాలో వెనక్కి లెక్కకడితే 130 కోట్ల వోల్టులు వచ్చింది. 2019లో ఈ ఫలితం ప్రచురితమయ్యేనాటికి విల్సన్ ఊహకు తొంభై ఏళ్లు.

అన్ని కోట్ల వోల్టులున్నాయి కదా, మరి మెరుపు పుట్టడానికి ఇబ్బందేమిటి? ఇబ్బంది ఉంది. వోల్టేజి ఎంత ఉన్నా, అది ఎంత దూరం మీద పరుచుకుని ఉందన్నది ముఖ్యం. సముద్రమట్టం దగ్గర గాలిని చీల్చి నిప్పురవ్వ తెప్పించాలంటే మీటరుకు సుమారు 30 లక్షల వోల్టులు కావాలి. మబ్బు మధ్యలో గాలి పలచన కాబట్టి అందులో సగం చాలు. కాని మబ్బుల్లోకి బెలూన్లు, విమానాలు, రాకెట్లు పంపి కొలిస్తే దొరుకుతున్నది మీటరుకు ఒకటి రెండు లక్షలు, మహా అయితే మూడు నాలుగు. కావాల్సినదాంట్లో ఎన్నో వంతు మాత్రమే ఉన్నా మెరుపు మాత్రం నిక్షేపంగా మెరుస్తోంది. కొలిచిన చోట కాక పక్కన ఎక్కడో క్షేత్రం ఎక్కువగా ఉందేమో అన్న సందేహం న్యాయమైనదే. చినుకుల కొసల దగ్గర, మంచు ముక్కల మూలల దగ్గర క్షేత్రం చాలా రెట్లు బిగుసుకుంటుందని, రవ్వ అక్కడే పుడుతుందని ఒక వాదం. రష్యా శాస్త్రజ్ఞుడు గురెవిచ్ 1992లో మరో దారి చూపాడు. కాస్మిక్ కిరణం వదిలిన వేగవంతమైన ఎలక్ట్రాన్ ఒకటి మబ్బు క్షేత్రంలో చిక్కి ఇంకా వేగం పుంజుకుని, దారిలోని అణువుల నుంచి మరిన్ని ఎలక్ట్రాన్లను ఊడగొడుతుంది. అవి మరిన్నింటిని. ఈ వెల్లువకు మామూలు రవ్వకు కావాల్సినంత క్షేత్రం అక్కర్లేదు. దీని వెనకా విల్సన్ 1925 నాటి ఆలోచనే ఉంది. మబ్బుల నుంచి గామా కిరణాలు వెలువడుతున్నట్టు ఒక ఉపగ్రహం పసిగట్టిన సంగతి 1994లో వెల్లడి కావడంతో ఈ వాదానికి బలం వచ్చింది. అలాగని మొదటి వాదం వీగిపోలేదు. దూరపు గెలాక్సీలను వినడానికి నెదర్లాండ్స్‌లో కట్టిన లోఫార్ రేడియో టెలిస్కోపు ఇప్పుడు మెరుపు ప్రయాణాన్ని మీటర్ల లెక్కన గీసి చూపుతోంది. అంత చూపు ఉన్నా తొలి క్షణం మీద తెర పూర్తిగా తొలగలేదు.

ఎలాగోలా రవ్వ పుట్టిందనుకుంటే, అక్కణ్ణించి కిందికి దారి స్పష్టం. చాలా మెరుపులు మబ్బులోనే పుట్టి మబ్బులోనే పోతాయి, నేలకు దిగేవి వాటిలో కొన్నే. దిగేది ముందుగా ఒక మసక తీగను పంపుతుంది. రుణావేశం నిండిన ఆ తీగ సాఫీగా దిగదు. యాభై మీటర్లు దూకి, సెకనులో లక్షవంతులు కొన్ని ఆగి, మళ్లీ దూకుతుంది. ఆగిన ప్రతిచోటా కాస్త పక్కకు తిరగవచ్చు, రెండుగా చీలవచ్చు. మెరుపుకు ఆ వంకరలు, ఆ కొమ్మలు వచ్చేది అందుకే. ఈ దూకుళ్లను కంటికి చూపించిన పరికరం వెనక ఒక ఓపిక కథ ఉంది. చార్ల్స్ వెర్నన్ బాయ్స్ అనే ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు 1900లో తిరిగే కటకాలతో ఒక కెమెరా తయారుచేసుకుని, మెరుపు కోసం దాన్ని ఎక్కడికి పోతే అక్కడికి మోసుకెళ్లాడు. పాతికేళ్లు దాటినా పనికొచ్చే బొమ్మ ఒక్కటీ పడలేదు. ఇంగ్లండులో మెరుపులు తక్కువ, అవి కెమెరా ముందుకు రావడం ఇంకా తక్కువ. 1930లలో దక్షిణాఫ్రికాలో షోన్లాండ్ బృందం అదే తరహా కెమెరాను జొహానెస్‌బర్గ్ గాలివానల ముందు పెట్టింది. అక్కడ మెరుపులకు కరువు లేదు. మెరుపు దిగేది మెట్లు మెట్లుగానని, పెద్ద వెలుగు కింది నుంచి పైకి పోతుందని ఆ ఫొటోల్లో తేటతెల్లమైంది.

కింది నుంచి పైకి అన్న మాట మొదటిసారి విన్నవాళ్లకు మింగుడుపడదు. పిడుగు పడుతుందనే కదా లోకమంతా అనేది? మసక తీగ నేలకు వంద మీటర్ల దగ్గరికి వచ్చేసరికి కింద చెట్టు కొసల నుంచి, గుడి శిఖరం నుంచి, సెల్ టవర్ నుంచి, ఒక్కోసారి పొలంలో నిలబడ్డ మనిషి తల నుంచి కూడా ధనావేశపు తీగలు పైకి లేస్తాయి. వాటిలో ఒకటి పైనుంచి వచ్చేదాన్ని అందుకుంటుంది. అందుకున్న మరుక్షణం దారి పూర్తయినట్టే. తీగలో నిండిన ఎలక్ట్రాన్లు నేలకు కుమ్మరించుకుంటాయి. ముందుగా ఖాళీ అయ్యేది నేలకు దగ్గరున్న భాగం, ఆ తర్వాత దాని పైది, ఆ పైది. అందుకే ఎలక్ట్రాన్లు దిగుతున్నా వెలుగు మాత్రం సెకనుకు లక్ష కిలోమీటర్ల వేగంతో ఎక్కుతుంది. ఆ వేగంలో ఏది ఎటు పోతోందో ఏ కన్నూ చెప్పలేదు. పిడుగు దిగుతుందన్నా, వెలుగు ఎక్కుతుందన్నా ఏదీ అబద్ధం కాదు. ఆ క్షణంలో పారేది సుమారు 30 వేల ఆంపియర్లు. దారి వెడల్పు కొద్ది సెంటీమీటర్లు, లోపలి వేడి 30 వేల డిగ్రీలు, సూర్యుడి ఉపరితలానికి ఐదు రెట్లు.

ఇక ఆ వణుకు సంగతి. మొదటి దెబ్బతో దారి ఖాళీ అవుతుంది కాని వెంటనే చల్లారదు. ఆ వేడి దారి ఇంకా విద్యుత్తును మోయగలిగి ఉండగానే, సెకనులో ఇరవయ్యో వంతు గడిచాక, మబ్బులో మరో చోటి ఆవేశం అదే దారిని పట్టుకుంటుంది. ఈసారి మెట్లు అక్కర్లేదు, ఒక్క ఉదుటున దిగుతుంది. మళ్లీ వెలుగు. ఇలా ఒక మెరుపులో సగటున మూడు నాలుగు దెబ్బలుంటాయి, ఒక్కోసారి ఇరవై దాటుతాయి. వాటి మధ్య ఎడం కంటికి అందీ అందనంత. కాబట్టి ఆ మినుకు కంటి దోషం కాదు, కన్ను చక్కగా పనిచేస్తోందనడానికి రుజువు. పిడుగు పడిన చోట మళ్లీ పడదన్న మాట కూడా ఇక్కడే తేలిపోతుంది. ఎక్కువసార్లు అది అరసెకను తిరక్కముందే అదే చోట మళ్లీ పడుతుంది.

ఇంత హడావిడిలో ఉన్న శక్తి ఎంత? సుమారు వంద కోట్ల జౌళ్లు. విద్యుత్ శాఖ లెక్కలో చెప్పాలంటే 280 యూనిట్లు, ఒక మధ్యతరగతి ఇంటి ఒకటి రెండు నెలల బిల్లు. అదీ నేలకు చేరేది కాదు, అధిక భాగం గాలిని వేడెక్కించడానికే ఖర్చవుతుంది. పిడుగులను పట్టి కరెంటు తీయవచ్చని అప్పుడప్పుడూ వినిపించే ఆలోచనలు ఈ లెక్క దగ్గరే ఆగిపోతాయి.

ఆ వేడే ఉరుము. గాలి సెకనులో లక్షవంతుల వ్యవధిలో వేల డిగ్రీలకు వేడెక్కితే వ్యాకోచించడానికి సావకాశం ఉండదు, పేలుతుంది. దగ్గరగా ఉన్నవాళ్లకు ఫెళ్లుమని ఒకే చప్పుడు. దూరాన ఉన్నవాళ్లకు దొర్లుడు. కిలోమీటర్ల పొడవున వంకర్లు తిరిగిన గీతలో దగ్గరి ముక్క చప్పుడు ముందు, దూరపు ముక్క చప్పుడు వెనక చేరడం వల్ల అది సాగుతుంది. మెరిసిన తర్వాత ప్రతి మూడు సెకన్లకూ ఒక కిలోమీటరు చొప్పున దూరం కట్టవచ్చు. ఉరుము వినగానే అర్జునా, ఫల్గుణా అని ఆ వీరుడి పేర్లు తలచుకోవడం తెలుగిళ్లలో అలవాటు. ఉరుము వినబడిందంటే ఆ పిడుగు గండం అప్పటికే దాటిపోయినట్టు. కాబట్టి ఆ పేర్లన్నీ తర్వాత రాబోయేదాని కోసమే అనుకోవాలి, అలా చూస్తే అలవాటు అర్థంలేనిదేమీ కాదు. ఉరుము వినబడేంత దగ్గర్లో మబ్బు ఉందంటే తర్వాతి పిడుగు తల మీద పడగలిగేంత దగ్గర్లోనూ ఉన్నట్టే.

పిడుగు పడిన తాటిచెట్టును చూసినవాళ్లు పల్లెల్లో చాలామందే ఉంటారు. జోరువానలోనే చెట్టు తల మండుతూ ఉంటుంది. ఎండు కమ్మలు, మట్టలు అంటుకుంటాయి, మొవ్వ ఉడికిపోతుంది, కొన్నాళ్లకు మోడు మిగులుతుంది. వేప, చింత వంటి చెట్లలో బెరడు కింది తేమ ఒక్కసారిగా ఆవిరై, పైనుంచి కిందిదాకా చారలా బెరడు లేచిపోతుంది. చెట్టు కింద తలదాచుకున్నవాళ్ల మీదికి పిడుగు కాండం నుంచి దూకుతుంది. దూకకపోయినా నేలలో పాకుతుంది. పడిన చోటి నుంచి దూరమైన కొద్దీ వోల్టేజి తగ్గుతుంది కాబట్టి ఒక పాదం దగ్గర ఒక వోల్టేజి, రెండో పాదం దగ్గర మరొకటి. ముందుకాళ్లకూ వెనకకాళ్లకూ ఎడం ఎక్కువున్న పశువులకు ఈ తేడా ఎక్కువ, విద్యుత్తు పోయేదీ గుండె మీదుగానే. ఒక్క పిడుగుకు మంద మొత్తం పడిపోవడం అందువల్లే. 2016 ఆగస్టులో నార్వేలోని హార్డాంగర్‌విడ్డా పీఠభూమి మీద 323 ధ్రువపు జింకలు ఇలాగే ఒకచోట చనిపోయి కనబడ్డాయి. రబ్బరు చెప్పులు కాపాడతాయన్న నమ్మకం ఒకటి గట్టిగా ఉంది. కిలోమీటర్ల గాలిని చీల్చుకుని వచ్చినదానికి అరంగుళం రబ్బరు ఒక అడ్డా? కారులో కూర్చున్నవాళ్లను కాపాడేదీ టైర్లు కాదు, చుట్టూ ఉన్న ఇనుప రేకు. విద్యుత్తు దాని మీదుగా జారి నేలకు పోతుంది.

ఇళ్లను, గుళ్లను కాపాడే కడ్డీ వెనక ఉన్న సూత్రం కూడా ఇదే, కాని దాన్ని ప్రతిపాదించిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ మొదట అనుకున్నది వేరు. మొనదేలిన కడ్డీ మబ్బులోని ఆవేశాన్ని చప్పుడు లేకుండా లాగేసి పిడుగే పడకుండా చేస్తుందని ఆయన ఆశ. ఆయన చెప్పిన పద్ధతిలో 1752 మే 10న పారిస్ దగ్గరి మార్లీలో కడ్డీ నిలబెడితే రవ్వలు వచ్చాయి, మబ్బులో ఉన్నది విద్యుత్తేనని రుజువైంది. మరుసటి ఏడు ఆగస్టులో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జార్జ్ రిక్‌మన్ అలాంటి కడ్డీని ఇంట్లోకి తెచ్చి, నేలకు కలపకుండా, కొలత చూడ్డానికి వంగాడు. కడ్డీ నుంచి నిప్పుముద్ద ఒకటి ఆయన నుదుటికి తగిలింది. నుదుట ఎర్రని మచ్చ, ఒక కాలి చెప్పు చిరిగిపోయి ఉంది, అక్కడికక్కడే ప్రాణం పోయింది. కడ్డీ మబ్బును ఖాళీ చేయలేదు. మబ్బులో నిమిషాల్లో పుట్టే ఆవేశం ముందు అది లాగే ఆవేశం ఏ మూలకూ చాలదు. అది చేయగలిగిందల్లా దిగుతున్న పిడుగును తన మీదికి తీసుకుని, మందపాటి తీగ గుండా భూమిలోకి దించడం. నేలలో దిగిన కొస సరిగా లేకపోతే కడ్డీ ఉండడం కన్నా లేకపోవడమే నయం. మొన వాడిగా ఉండాలా, మొద్దుగా ఉండాలా అన్న తగాదా ఇంగ్లండు రాజు మూడవ జార్జ్ కాలంలో రాజకీయాలదాకా పోయింది. 2000లో న్యూమెక్సికో కొండల మీద చేసిన పరిశీలన ఫలితాలు వస్తే, పిడుగులను అందుకున్నది కాస్త మొద్దుకొస ఉన్న కడ్డీలే, వాడి మొనలవి కావు.

కడ్డీ లేని పొలాల సంగతేమిటి? భారతదేశంలో ఏటా 2 వేల మందికి పైగా పిడుగుపాటుకు చనిపోతున్నారు, ఎక్కువమంది పొలాల్లో ఉన్నవాళ్లు, పశువులు కాసేవాళ్లు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయని రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ప్రకటించినప్పుడు, అన్నింటినీ ఎవరు లెక్కపెట్టారని జనం ఆశ్చర్యపోయారు. లెక్కపెట్టేవి యాంటెన్నాలు. ప్రతి దెబ్బా ఒక రేడియో తరంగాన్ని వదులుతుంది. వేర్వేరు చోట్ల ఉన్న గ్రాహకాలకు అది చేరిన సమయాల్లో తేడాను బట్టి ఎక్కడ పడిందో లెక్కకడతారు. పుణేలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ నడిపే దామిని యాప్ పనిచేసేది ఇలాంటి జాలంతోనే. ఫలానా మండలంలో అరగంటలో పిడుగులు పడవచ్చునని చెప్పగలదు. ఫలానా చెట్టు మీద అని చెప్పలేదు, ఇంతకన్నా మంచి పరికరాలు వచ్చినా చెప్పడం కష్టం. ఎందుకంటే ఆ నిర్ణయం మబ్బులో జరగదు. అయిదారు కిలోమీటర్లు దిగివచ్చిన తీగకు కింద ఏముందో చివరి వంద మీటర్ల దాకా లెక్కలేదు. ఏ చెట్టు, ఏ టవర్ అన్నది తేలేది ఆ ఆఖరి సెకనులో వెయ్యోవంతు లోపల.

గాలివాన తగ్గుముఖం పట్టాక పడేవాటి గురించి విడిగా చెప్పుకోవాలి. ఇంతదాకా చెప్పిన పిడుగులు మబ్బు నడిమి రుణావేశాన్ని దించేవి. పదింట ఒకటో, అంతకన్నా తక్కువో, మబ్బు తలలోని ధనావేశం నుంచి దిగుతాయి. మబ్బు వయసు మళ్లేసరికి పైకి లేచే గాలి ఆగిపోతుంది, గుళికలు వానై రాలిపోతాయి, తల భాగం మాత్రం పలకలా పరుచుకుని గాలివాటున పదుల కిలోమీటర్లు సాగుతుంది. దాని కింద వాన ఉండదు, ఒక్కోసారి ఎండ కూడా వచ్చేస్తుంది. ఆ పలక నుంచి దిగే పిడుగులు అరుదు. దిగినవి మాత్రం మామూలువాటికన్నా ఎక్కువ ఆవేశాన్ని, ఎక్కువసేపు పారిస్తాయి కాబట్టి అడవులకు, గడ్డివాములకు నిప్పంటించేవి తరచు ఇవే. వాన వెలిసిందని కళ్లంలో ధాన్యం మీద పట్టా తీయడానికి పరుగెత్తేవాళ్లు చిక్కుకునేదీ వీటికే. చివరి ఉరుము విన్నాక అరగంట గడిచేదాకా ఆరుబయటికి పోవద్దని విపత్తుల సంస్థలు చెప్పేది ఈ పలకను దృష్టిలో పెట్టుకునే. అది ఆ ప్రాంతం దాటిపోవడానికో, దానిలో మిగిలిన ఆవేశం చెదిరిపోవడానికో ఆ మాత్రం సమయం పడుతుంది.